ఏనుగు నెర్రెలు, తోటకూర కట్ట: స్కూలు టీమ్ ప్రకృతిని చూసి ఒక పరికరాన్ని తయారు చేయడం ఎలా

“సార్, బయోమిమిక్రీ ప్రాజెక్టు చేస్తున్నాం, ఏ జంతువుని తీసుకోమంటారు?” బయోమిమిక్రీ అంటే ప్రకృతిలోని కిటుకుని చూసి మన పనికి వాడుకోవడం. నన్ను అడిగేవాళ్లలో సగం మంది ఇలాగే మొదలుపెడతారు. అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. ముందు జంతువుని ఎంచుకుని తర్వాత దానికి సరిపోయే సమస్య వెతికితే, చివరికి చేతిలో మిగిలేది థర్మకోల్ రాకెట్టుకి అతికించిన లకుముకి పిట్ట ముక్కు.

కింద రాసిందంతా ఒకే ఒక్క ప్రాజెక్టు మీద నడుస్తుంది. మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుగురు ఆకుకూరలు వాడిపోకుండా ఉంచే మట్టి పాత్ర చేశారు, నేను పక్కన ఉన్నాను. మీ సమస్య వేరైనా వరస ఇదే.

1. మొదలుపెట్టే ముందు

టీమ్‌లో నలుగురు చాలు. ఆరుగురు దాటితే ఇద్దరు పని చేస్తారు, మిగతావాళ్లు ఫోటోలో ఉంటారు. చూసేవాళ్లు, చేసేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు అని పనులు పంచుకుని, రెండు వారాలకోసారి మార్చుకోండి.

మట్టి పనికి గడువు వెనక నుంచి లెక్కేయాలి. పాత్ర కంటే ముందు పరీక్షకి చేసే మట్టి బిళ్లకి ఒక పూట పడుతుంది, నీడలో ఆరడానికి వారం పైనే, కాల్చడం మాత్రం మీ చేతిలో లేదు, కుమ్మరి ఆవం పెట్టే రోజు దాకా ఆగాల్సిందే. ఒక్కో విడతకి మూడు వారాలు వేసుకోండి, కనీసం మూడు విడతలు పడతాయి. ప్రదర్శనకి నెల ఉందనగా మొదలుపెట్టేవాళ్లు మట్టి జోలికి పోవద్దు, అట్టతో అయ్యే ఆలోచన చూసుకోండి.

దగ్గర ఉండాల్సినవి:
- పేజీలకు నంబర్లు వేసిన లాంగ్ నోటుబుక్కు ఒకటి (పేజీ చింపకూడదు, తప్పు రాస్తే ఒక గీత కొట్టి వదిలేయండి)
- 500 గ్రాముల వరకు తూచే, 0.1 గ్రాము తేడా చూపే చిన్న డిజిటల్ త్రాసు
- రెండు థర్మామీటర్లు, కొంచెం నూలు గుడ్డ
- నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, ఇంజెక్షన్ సిరంజి
- ఫోను

వంటింటి త్రాసుతో లాగించేద్దాం అనుకోకండి. అది గ్రాము కంటే తక్కువ తేడా చూపదు, మీకు కావలసిందంతా ఆ గ్రాము లోపలే ఉంటుంది.

2. సమస్యని మనిషి దగ్గర పట్టుకోండి

క్లాసులో కూర్చుని “నీటి కొరత”, “గ్లోబల్ వార్మింగ్” అని రాయడం సులువు, కానీ వాటిని మీ త్రాసు తూచలేదు. బయటికి వెళ్లి ఒక మనిషి పక్కన రెండు గంటలు కూర్చోండి.

మా పిల్లలు సంతలో ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర కూర్చున్నారు. మొదటి గంట ఆమె వీళ్లని పట్టించుకోలేదు. తర్వాత తనే అంది: “పది గొట్టినంక తోటకూర తల ఏలాడేస్తది బిడ్డా, నీళ్లు సల్లుతనే ఉండాలె. ఎక్కువ సల్లితే కుళ్లుతది, తక్కువైతే ఎండుతది. ఒక్క బిందెతోని పొద్దంత ఎళ్లదీయాలె.”

అడగాల్సినదంతా ఆ మాటల్లోనే దొరికింది. ఫ్రిజ్ కావాలని ఆమె అనలేదు. తక్కువ నీళ్లతో ఎక్కువసేపు, అదీ ఆకు మీద నీళ్లు నిలవకుండా చల్లగా ఉండాలి, అంతే.

దాన్ని అంకె పెట్టి ఒక్క వాక్యంలో రాయాలి. మా వాక్యం ఇది: “ఒకసారి 100 మిల్లీలీటర్ల నీళ్లతో బయట తడిపితే, పాత్ర లోపలి వేడి కనీసం గంటసేపు బయటి నీడ కంటే తక్కువగా ఉండాలి, ఆకు తడవకూడదు.” ఆ గంట అనే అంకె సరైనదా కాదా అని మథనపడకండి. పరీక్షలో ఓడిపోయే అవకాశం ఉన్న వాక్యం కావాలి, అదీ ముఖ్యం.

3. సమస్యని ‘పని’గా మార్చండి

ఇక్కడ చాలా టీమ్‌లు గెంతేస్తాయి. “కూరగాయలు చల్లగా ఉంచాలి” అని ప్రకృతిని అడిగితే జవాబు రాదు, ప్రకృతిలో కూరగాయల బండ్లు లేవు కదా. వస్తువు పేరు తీసేసి క్రియ మిగల్చండి:

- వేడి గాలిలో ఒంటిని చల్లబరచుకోవడం
- కొద్ది నీటిని ఒంటి మీద ఎక్కువసేపు నిలుపుకోవడం
- నిలువు గోడ మీద నీరు జారిపోకుండా పరచడం
- లోపలి ఆవిరిని బయటికి పంపడం

ఒక్కో క్రియకి ఒక్కో పేజీ. ఈ నాలుగింటిలో మా అవ్వ సమస్యకి గుండెకాయ రెండోది, మూడోది.

4. ఇప్పుడు ప్రకృతిలో వెతకండి

ముందు ఊళ్లో వెతకండి. తామరాకు, చేమాకు నీటిని విదిల్చేస్తాయి, అంటే మనకి కావలసినదానికి సరిగ్గా ఎదురు (అదీ నోటుబుక్కులో రాయండి, వ్యతిరేక ఉదాహరణ చాలా నేర్పుతుంది). గొర్రెల కాపరులని, చెట్లెక్కేవాళ్లని అడగండి. ఆ తర్వాతే ఇంటర్నెట్. ఆస్క్‌నేచర్ అనే ఉచిత సైటులో జీవుల పేర్లతో కాకుండా చేసే పనుల పేర్లతోనే వెతకొచ్చు. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఫోనులో అనువాదం పెట్టుకుని చదవొచ్చు.

క్రియకి కనీసం మూడు జీవులు దొరికేదాకా ఆగవద్దు. మాకు చల్లదనం దగ్గర మొదట వచ్చిన పేరు చెదపుట్ట. “పుట్టలో సహజ ఏసీ ఉంటుంది సార్” అని అందరూ రాసేదే. ఇక్కడ జాగ్రత్త. మన దేశంలోనే బెంగళూరు దగ్గర పుట్టల మీద జరిగి 2015లో అచ్చయిన పరిశోధన తేల్చింది వేరు: పగలు పుట్ట బయటి అంచులు లోపలి కంటే త్వరగా వేడెక్కుతాయి, రాత్రి త్వరగా చల్లబడతాయి, ఆ తేడాతో లోపల గాలి తిరుగుతుంది, రాత్రి దాని దిశ మారుతుంది. అంటే పుట్ట నేర్పేది ముఖ్యంగా గాలి మార్చుకోవడం గురించి. మేము దాన్ని పక్కన పెట్టి నాలుగో క్రియకి దాచుకున్నాం.

రెండో క్రియకి ఏనుగు తగిలింది. ఏనుగుకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నీళ్లు, బురద ఒంటి మీద పోసుకుని అవి ఆరేటప్పుడు చల్లబడుతుంది. ఆఫ్రికా ఏనుగు తోలు మీద ఎండిన చెరువులా కంటికి సరిగా ఆననంత సన్నటి నెర్రెలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. నున్నటి ఉపరితలం కంటే ఆ తోలు 5 నుంచి 10 రెట్లు ఎక్కువ నీటిని పట్టి ఉంచగలదని 2018లో అచ్చయిన పరిశోధన చెప్పింది. ఒక మెలిక ఉంది, ఇది ఆఫ్రికా ఏనుగు సంగతి. గుడి ముందు ఏనుగు ఫోటో పోస్టరు మీద వేయకండి, మన ఆసియా ఏనుగు తోలు అంతకంటే నున్నన. మా వాళ్లు వేశారు, చివరి రోజు మార్చాల్సి వచ్చింది.

5. కిటుకు విప్పండి, తర్వాత జంతువుని చెరిపేయండి

దొరికిన జీవి గురించి మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి: ఏ భాగం, ఏ కొలతలో, ఎందువల్ల పని చేస్తోంది?

ఏనుగు విషయంలో “ఎందువల్ల” అంటే, సన్నటి సందులో నీరు గోడల్ని పట్టుకుని తనంతట తాను పాకుతుంది. 1 మిల్లీమీటరు వ్యాసం ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు పైకి ఎక్కుతుంది, అర మిల్లీమీటరు గొట్టంలో సుమారు 6. సందు సన్నబడేకొద్దీ పట్టు పెరుగుతుంది. నెర్రెలు వలలా కలిసి ఉంటాయి కాబట్టి ఒకచోట పడ్డ నీరు పక్కలకి పరుచుకుంటుంది.

కొలత సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఏనుగు నెర్రెలు మైక్రోమీటర్లలో ఉంటాయి, మన చేతికి కుదిరేది మిల్లీమీటరు దగ్గర. అందుకే 5 రెట్లు, 10 రెట్లు అనే అంకెని మన పాత్రకి తగిలించుకునే హక్కు మనకి లేదు. మన అంకె మనమే కొలుచుకోవాలి.

ఇప్పుడు ఒక బొమ్మ గీయండి, అందులో ఏనుగు ఉండకూడదు. గోడ, దాని మీద ఒకదానితో ఒకటి కలిసిన సన్న గాడులు, వాటిలో నీరు, బాణం గుర్తుతో ఆవిరి. ఈ బొమ్మ చూసి పక్క క్లాసు పిల్లవాడు “ఓహో, నీళ్లు జారకుండానా?” అంటే మీరు కిటుకు పట్టారన్నమాట. బొమ్మలో తొండం ఉంటే మళ్లీ గీయండి.

6. ముందే ఎవరైనా చేశారేమో చూడండి

ఒక సాయంత్రం చాలు. మట్టి ఫ్రిజ్ కొత్తది కాదు, గుజరాత్‌లో మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి చేసిన మిట్టీకూల్ ఉంది, రెండు కుండల మధ్య తడి ఇసుక నింపే పద్ధతి నైజీరియా నుంచి ప్రసిద్ధి. మన ఇళ్లలో కూజా, రంజన్ ఎప్పటి నుంచో ఉన్నవే. కాబట్టి “మట్టితో చల్లబరచడం మా ఆవిష్కరణ” అనకూడదు. మనది గోడ మీది గాడుల వల, ఒకసారి తడిపితే ఎంతసేపు అనే లెక్క.

గూగుల్ పేటెంట్స్‌లోనూ, భారత పేటెంట్ ఆఫీసు ఉచిత వెతుకులాట పేజీలోనూ చూడండి. పేటెంట్ ఆలోచన నిజంగా ఉంటే మాత్రం బయట చూపించకముందే తెలిసినవాళ్లని అడగండి, ముందు ప్రదర్శించేసి తర్వాత దరఖాస్తు అంటే చిక్కులొస్తాయి.

7. మొదటి నమూనా పాత్ర కాదు, బిళ్లలు

అందరూ నేరుగా పాత్రకి వెళ్తారు. వద్దు. పాత్ర పగిలితే మూడు వారాలు పోతాయి, బిళ్ల పగిలితే పక్కన ఇంకోటి ఉంటుంది.

కుమ్మరి దగ్గర తొక్కిన మట్టి తీసుకుని, ఒక్కో బిళ్లకి తడి మట్టి సరిగ్గా 200 గ్రాములు తూచండి. చెక్క చట్రంలో 10 సెంటీమీటర్ల చదరం, దాదాపు 1 సెంటీమీటరు మందం. మూడు రకాలు చేయండి: నున్నటివి, నిలువు గాడులవి, వల గాడులవి. ఒక్కో రకం కనీసం నాలుగు, ఎందుకంటే ఆవంలో ఒకటి పగులుతుంది, అది మామూలే.

గాడి ఎప్పుడు గీయాలన్నదే అసలు పనితనం. మట్టి మరీ తడిగా ఉంటే అంచులు లేచి పూడిపోతాయి, మరీ ఆరితే పెళుసుగా రాలుతుంది. వేలు పెడితే సొట్ట పడకూడదు, గోరు పెడితే గీత పడాలి, అదీ సమయం. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మొన తీసుకోండి, దాని కొస గుండ్రంగా ఉంటుంది. కత్తితో గీస్తే గాడి అడుగు పదునుగా ఉండి, ఆరేటప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. లోతు 2 మిల్లీమీటర్లు దాటవద్దు.

గాడి నుంచి తీసిన మట్టిని పారేయకుండా అదే బిళ్ల వెనక అద్దండి, బరువు సమానంగా ఉంటుంది. ఇది మాకు రెండో విడతలో గానీ తట్టలేదు.

ఆరబెట్టేటప్పుడు:
- నీడలో, గాలి నేరుగా కొట్టని చోట
- కింద పేపరు లేదా ఇసుక, రోజుకోసారి తిప్పాలి
- వెనకవైపు నంబరు గీకాలి (పెన్నుతో రాస్తే ఆవంలో పోతుంది)
- తొందరపడి ఎండలో పెట్టకూడదు, అంచులు ముందు ఆరి వంకర తిరుగుతాయి

8. పరీక్ష: ఇక్కడే ఎక్కువ రోజులు గడపండి

ముందు థర్మామీటర్లు. రెండింటినీ ఒకే గ్లాసు నీళ్లలో పది నిమిషాలు ఉంచి తేడా రాసుకోండి. ఆర్డుయినో (సెన్సార్లు తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు)తో చేస్తుంటే డీహెచ్‌టీ11 సెన్సారు వద్దు, దానికి 2 డిగ్రీల వరకు అటూ ఇటూ ఉంటుంది, మీరు వెతికే తేడా అందులోనే మునిగిపోతుంది.

తర్వాత తడి బల్బు. ఒక థర్మామీటరు కొసకి తడి నూలు గుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి, వేడి ఎక్కడ దిగి ఆగిందో అది ఆ రోజుకి మీ హద్దు. నీరు ఆరడం వల్ల వచ్చే చల్లదనం ఎంత గొప్ప డిజైనుతోనూ దాన్ని దాటి కిందికి పోదు. గాలి 40 డిగ్రీలుండి తేమ 20 శాతమైతే ఆ హద్దు 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే కాకినాడలోలా ఉక్కపోసే రోజు 34 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకోండి, హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. పాలమూరు ఎండలో గెలిచిన పాత్ర సముద్రం ఒడ్డున ఓడిపోతే అది పిల్లల తప్పు కాదు, కానీ ఆ మాట ముందే రాసి ఉంచాలి.

ఇప్పుడు బిళ్లల పరీక్ష, వరసగా:

1. ఆవంలో కాల్చిన, బాగా ఎండిన బిళ్లని తూచండి.
2. నిలువుగా నిలబెట్టి, కింద పళ్లెం పెట్టి, సిరంజితో కొలిచిన 10 మిల్లీలీటర్ల నీరు స్ప్రే సీసాలో పోసి అంతా చిమ్మండి.
3. నిమిషం ఆగి మళ్లీ తూచండి. పెరిగిన బరువే పట్టి ఉంచిన నీరు.
4. పళ్లెంలోకి జారిన నీటిని సిరంజితో పీల్చి కొలవండి.
5. నీడలో వేలాడదీసి 15 నిమిషాలకోసారి బరువు, వెనకవైపు వేడి రాయండి, మొదటి బరువుకి వచ్చేదాకా.

మూడు రకాలూ ఒకే పూట, పక్కపక్కనే పెట్టాలి. నున్నటిది సోమవారం, గాడులది మంగళవారం చేస్తే మీరు పోల్చింది బిళ్లల్ని కాదు, వారాల్ని.

ఒక చిక్కు ఉంది, జడ్జీలు దాన్నే పట్టుకుంటారు. కాల్చిన మట్టి స్వయంగా నీరు పీలుస్తుంది. మరి నిలిచిన నీటిలో మట్టి పీల్చుకున్నదెంత, గాడులు పట్టుకున్నదెంత? దీనికి రెండో పరీక్ష ఉంది. బిళ్లల్ని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డతో పైన తుడిచి తూచి, అప్పుడు చిమ్మండి. లోపల ఇక చోటు ఉండదు కాబట్టి ఇప్పుడు పెరిగే బరువంతా ఉపరితలం మీదిదే.

మా పిల్లల లెక్కలో మట్టి పీల్చుకునేదే ఎక్కువ తేలింది. ముఖాలు చిన్నబోయాయి, ఒకడైతే “ఏనుగు ఎందుకు సార్ ఇంక?” అన్నాడు. పళ్లెం లెక్క తీయమన్నాను. నున్నటి బిళ్ల మీద నీరు మట్టి పీల్చేలోపే జారి పళ్లెంలో పడుతోంది, వల గాడుల బిళ్ల మీద ఆగి, పక్కలకి పాకి, ఆ తర్వాత ఇంకుతోంది. అంటే గాడులు నీటిని దాచే గది కావు, అది జారిపోకుండా ఆపే గుమ్మం. బొమ్మ మార్చి గీశారు. నిలువు గాడులు మాత్రం కాలవల్లా పనిచేసి నీటిని ఇంకా తొందరగా దింపేశాయి, వాటిని వదిలేశారు.

సమూహంలో ఎవరైనా “ఇంత కష్టం దేనికి” అంటే ఈ లెక్క చూపించండి: ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది, అది ఒక కిలో నీటిని అర డిగ్రీకి పైగా చల్లబరచడానికి సరిపోతుంది. పళ్లెంలోకి జారిన ప్రతి గ్రామూ ఆ మేరకు నష్టం.

9. ఇప్పుడు పాత్ర

సారె మీద తిప్పడం కుమ్మరికే వదిలేయండి, గాడులు మీరు గీయండి. పక్కన అదే మట్టితో, అదే సైజులో నున్నటి పాత్ర ఇంకోటి తప్పనిసరి, అది లేకపోతే మీ అంకెలకి విలువ లేదు.

రెండు పాత్రల్లోనూ ఒక్కో తోటకూర కట్ట పెట్టి మొదటి బరువు, ఆరు గంటల తర్వాత బరువు రాయండి. ఆకు కోల్పోయిన బరువే వాడినట్టు లెక్క, “ఫ్రెష్‌గా ఉంది” అని రాయకండి. మూడో కట్టని పాత్ర లేకుండా నీడలో బయట పెట్టండి.

మొదటి రోజే మూత లోపల నీటిబొట్లు కట్టాయి, ఆకు అంచులు నల్లబడ్డాయి. దాచుకున్న చెదపుట్ట అప్పుడు బయటికి వచ్చింది. మూతకి ఒకటి, పాత్ర అడుగు దగ్గర రెండు చిన్న రంధ్రాలు పెట్టి గాలికి దారి ఇచ్చారు. రంధ్రం పెద్దదైతే వేడి గాలి దూరుతుంది, చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

*అందం కోసం రంగు.* ప్రదర్శనకి ముందు రోజు మా వాళ్లు పాత్రకి ఎనామిల్ పెయింటు వేశారు, నాకు చెప్పకుండా. బాగుంది, ఫోటోలకి. మట్టి రంధ్రాలన్నీ మూసుకుపోయి చల్లదనం పోయింది. సవరణ లేదు, ఇంకో పాత్రే. అలంకారం కావాలంటే మూత మీద చేసుకోండి.

*తెల్లటి పొర.* బోరు నీళ్లతో వారం తడిపితే గాడుల్లో ఉప్పు పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు కలిపిన వెనిగర్‌లో కాసేపు ఉంచి బాగా కడగండి. కడగకముందు, కడిగాక పరీక్ష చేసి రెండు అంకెలూ రాస్తే అది కూడా ఒక ఫలితమే.

*పాచి.* నీడలో ఎప్పుడూ తడిగా ఉంటే వస్తుంది. వారానికో రోజు పూర్తిగా ఎండనివ్వాలి. ఇది అమ్మేవాళ్లకి ముందే చెప్పాలి.

*అన్నీ ఒకేసారి మార్చడం.* గాడి సన్నం చేసి, మట్టిలో రంపపు పొట్టు కలిపి, మూత కూడా మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. విడతకి ఒక్క మార్పు.

*బాగా వచ్చిన అంకెలే ఉంచడం.* పగిలిన బిళ్ల ఫోటో, ఓడిన పరీక్ష కూడా నోటుబుక్కులో ఉండాలి.

11. చూపించే రోజు

స్కూలు పిల్లల ఆలోచనలకి కేంద్ర ప్రభుత్వం పెట్టే ఇన్‌స్పైర్ మానక్ పోటీకి పంపినా, బడిలోని అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు పరికరాలు చేసి చూసే గది) ప్రదర్శన అయినా, బల్ల మీద ఇవి ఉంటే చాలు:

- నున్నటి బిళ్ల, వల బిళ్ల, స్ప్రే సీసా, రెండు పళ్లేలు (చూసేవాళ్ల చేతే చిమ్మించండి)
- జంతువు లేని బొమ్మ
- రెండు పాత్రల అంకెలున్న ఒకే ఒక్క పట్టిక, పరీక్ష రోజు గాలి వేడి, తేమతో సహా
- నోటుబుక్కు, పగిలిన ముక్కలతో సహా

చార్టు చదివి వినిపించవద్దు. నలుగురూ అన్ని ప్రశ్నలకి జవాబు చెప్పగలగాలి, “అది వాడు చేశాడు సార్” అన్న మాట రాకూడదు.

ప్రదర్శనకి ముందే పాత్రని అవ్వకి ఒక వారం ఇచ్చి రండి. మేము ప్రదర్శన అయ్యాక ఇచ్చాం. ఆమె తోటకూర పెట్టి, మూత తీసి పక్కన పడేసింది. కట్టలు కనపడకపోతే కొనేవాళ్లు ఎట్లా ఆగుతారని అడిగింది. నాలుగో విడత మూతతోనే మొదలైంది.